తీసేసిన లెక్కలు

2010లో గరివిడి దగ్గర బడిలో చేరినప్పుడు నాకు తెలిసిన దయ ఒక్కటే, రాని పిల్లకి పని తగ్గించడం. మూడో తరగతిలో వినపడని పాప ఒకతె ఉండేది. లెక్కల పీరియడ్‌లో ఆమెను పలక మీద బొమ్మలు వేసుకోమనేదాన్ని. మాంగనీసు రాయి మోసే కూలికి వెళ్లే వాళ్లమ్మ ఒకనాడు గుమ్మంలో నిలబడి, "దానికి నెక్కలు రావని మీకెవులు సెప్పినారు టీచరమ్మా? సంతకెల్తే సిల్లర అదే సూసుకుంటాది" అంది. నాకు నోట మాట రాలేదు.

తర్వాత చట్టాలు తిరగేస్తే నా పద్ధతే అక్కడా ఉంది. 1995 వికలాంగుల చట్టం, చూపులేని విద్యార్థుల పరీక్షల్లోంచి కేవలం గణితానికి చెందిన ప్రశ్నలు తీసేయమంది. వినికిడి లోపం ఉన్నవారికి ఒక్క భాష చాలంది. 2016 చట్టం అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండు, మూడు భాషల నుంచి మినహాయింపు అంది. పరీక్ష గట్టెక్కాలంటే ఇవి కావాల్సిందే, కాదనను. కానీ లెక్కలు వదిలేసిన ఆడపిల్లకి రేపు ఏ చదువులు మూసుకుపోతాయో ఎవరు ఆలోచించినట్టు? మనింట్లో కూడా "దానికెందుకులే" అన్నమాట మొదట ఆడపిల్ల విషయంలోనే కదా వస్తుంది!

ఉమ్మడి రాష్ట్రంలో 1996లో డి.పి.ఇ.పి. మొదలైన అయిదు జిల్లాల్లో విజయనగరం ఒకటి. ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్, దాని కింద భవిత కేంద్రాలు వచ్చాయి. అక్కడి రిసోర్స్ టీచర్ల దగ్గర నేను నేర్చుకున్నది వేరు. పాఠం అదే, దారి మారుతుంది. కూడికలకి చింతపిక్కలు. పదులకి రబ్బరుబ్యాండు వేసిన పుల్లల కట్టలు. మాటల్లో ఉన్న లెక్కని బొమ్మగా గీసి ఇవ్వడం. ఇరవై లెక్కల బదులు నాలుగే, అయితే ఆ నాలుగూ తక్కిన పిల్లలు చేసే రకమే. చూపు తక్కువ పిల్లవాడికి నల్ల స్కెచ్‌పెన్నుతో వెడల్పు గీతల నోటుబుక్కు. ఇదంతా రాత్రి కూర్చుని చేసే పని, ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు.

రిజిస్టర్లో ఎక్కనిది ఇంకొకటుంది. బిడ్డని కేంద్రానికి తెచ్చిన రోజు తల్లికి కూలి పోతుంది. సర్కారు కాగితాల్లో ఆమె పేరు 'ఎస్కార్ట్', ఆమెకో చిన్న భత్యం. 2018లో వచ్చిన సమగ్రశిక్ష, ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకి నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టయిపెండ్ పెట్టింది. ఆ డబ్బుకీ ఆమె పోగొట్టుకునే రోజులకీ పొంతన ఎక్కడ?

మరుసటి ఏడు ఆ పాపకి అప్పు తెచ్చుకునే తీసివేత మొదలుపెట్టాను. నేను ఒకట్ల పుల్లలు చూపిస్తూ తికమకపడుతుంటే, గోడవార కూర్చున్న వాళ్లమ్మ లేచొచ్చి పదుల కట్ట ఒకటి అందుకుని రబ్బరుబ్యాండు లాగేసింది.