ఇటలీకి మాట నేర్పిన వంటగది

1861లో ఇటలీ ఒకే రాజ్యంగా అవతరించేనాటికి దానికి రాజున్నాడు, పార్లమెంటు ఉంది, సైన్యం ఉంది. అందరూ మాట్లాడుకోగల భాష మాత్రం లేదు. ఆనాడు ఇటాలియన్ వచ్చినవారు నూటికి రెండున్నర మందేనని భాషావేత్త తుల్లియో దె మౌరో అంచనా వేశాడు. పదిమంది వరకు ఉంటారని ఆర్రిగో కాస్తెల్లాని అన్నాడు. ఏ లెక్క ప్రకారం చూసినా మిలాన్ పౌరుడి ఇంటిమాట పలెర్మో పౌరుడికి పరాయి భాషే.

ఆ దూరాన్ని తగ్గించడంలో బడి, సైన్యం, పత్రికల పాత్ర ఎంతో ఉంది. చరిత్ర పుస్తకాలు తరచుగా మరచిపోయే మరో శక్తి వంటగది. ఫ్లోరెన్సులో స్థిరపడిన పట్టువర్తకుడు పెల్లెగ్రీనో అర్తూసి 1891లో సొంత ఖర్చుతో ఒక వంటల పుస్తకం అచ్చువేయించాడు. మొదటి ముద్రణలో 475 వంటకాలున్నాయి. పాఠకుల ఉత్తరాలతో, సూచనలతో అవి క్రమంగా 790కి పెరిగాయి. ఫ్రెంచి మాటలతో, ప్రాంతీయ యాసలతో కలగలిసిన పాకశాస్త్రాన్ని ఆయన అందరికీ అర్థమయ్యే ఇటాలియన్‌లోకి తెచ్చాడు. దేశ ఐక్యతకు మంజోనీ నవల చేసిన మేలుకంటే ఈ పుస్తకం చేసిన మేలే ఎక్కువని విమర్శకుడు పియెరో కాంపొరేసి అభిప్రాయం.

వంటగది చేసిన పనిని వీధిలో కాఫీ కొనసాగించింది. ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి టురిన్‌లో ఆంజెలో మోరియోందో 1884లో పేటెంటు పొందాడు. మిలాన్‌కు చెందిన లుయీజీ బెజ్జేరా 1901లో దానిని మెరుగుపరిచాడు. కప్పు కాఫీ క్షణాల్లో సిద్ధమయ్యేసరికి నిలబడి తాగే అలవాటు పాతుకుపోయింది. దానితోపాటు మాటలూ స్థిరపడ్డాయి. 'అల్ బాంకో' అంటే బల్ల దగ్గర. మన 'బ్యాంకు' పుట్టింది కూడా వడ్డీవ్యాపారుల ఆ బల్లనుంచే. 'మక్కియాతో' అంటే మరకపడినది, అంటే రవ్వంత పాలు తగిలిన కాఫీ. కపుచిన్ సన్యాసుల అంగీ రంగు 'కప్పుచ్చీనో'కు పేరిచ్చింది. 'లాత్తె' అంటే వట్టి పాలే కనుక, ఇటలీలో ఆ ఒక్కమాటే అడిగినవారికి పాలగ్లాసే వస్తుంది.

ముస్సోలినీ ప్రభుత్వం మాటలను శాసనంతో మార్చబోయింది. దుకాణాల బోర్డులపై, ప్రకటనల్లో విదేశీ పదాలను నిషేధిస్తూ 1940లో చట్టం చేసింది. శాండ్‌విచ్‌కు బదులు పుట్టించిన 'త్రమెజ్జీనో' జనం నోటికి నచ్చింది, నిలిచింది. 'బార్'కు మారుగా, ఇక్కడ తాగుదురు అనే అర్థంలో ప్రతిపాదించిన 'కుయిసిబేవె' నిలవలేదు. ఇంగ్లీషు 'బార్'కు ఇటాలియన్ ప్రత్యయం చేరి ఏర్పడిన 'బరిస్తా' నేడు ప్రపంచమంతా తిరుగుతోంది. శాసనం పదాలను జాబితాకెక్కించగలదు, నాలుకమీదికి ఎక్కించలేదు.

తెలుగువారికి ఈ మాటలు మరీ దూరపువేమీ కావు. ఇటాలియన్ పదాలు అధికభాగం మన పదాల్లాగే అజంతాలు. తెలుగును పాశ్చాత్యులు ప్రాచ్య ఇటాలియన్ అనడానికి కారణం ఇదే. అక్కడి పంచదార 'త్సుక్కెరో', మన చక్కెర రెండూ సంస్కృత 'శర్కర' సంతానమే. అక్కడి మిరియం 'పేపె'కు మూలం మన పిప్పలి. అరబ్బీ 'ఖహ్వా' తుర్కీ మీదుగా ప్రయాణించి అక్కడ 'కఫ్ఫే' అయింది. ఏ జాతి భోజనపు బల్లమీదా అచ్చంగా ఆ జాతి పదాలే ఉండవు.

ఐక్యత వచ్చినంత మాత్రాన వైవిధ్యం పోలేదు. పుచ్చకాయను ఉత్తర ఇటలీ నేటికీ 'అంగూరియా' అంటుంది, మధ్య ఇటలీ 'కోకోమెరో' అంటుంది. రెంటినీ నిఘంటువు ఆదరించింది, దేశం ముక్కలు కాలేదు.

మన దేశంలో భాషా వివాదం రాజుకున్నప్పుడల్లా ఈ చరిత్ర గుర్తుచేసుకోదగినది. రాజ్యాంగం 343వ అధికరణం హిందీని కేంద్రానికి అధికార భాషగా పేర్కొన్నది, జాతీయ భాషగా కాదు. ఆ తేడాను చెరిపివేయాలనుకునేవారు ఒక్కసారి మన హోటళ్ల ధరల పట్టిక చూడాలి. ఇడ్లీ, దోసె ఢిల్లీకి వెళ్లడానికి, సమోసా, చాయ్ మన ఊళ్లకు రావడానికి ఏ ఉత్తర్వూ అవసరం కాలేదు. అర్తూసి ఎవరికీ ఆజ్ఞ జారీ చేయలేదు. ఇరుగుపొరుగు వంటలను గౌరవంగా అడిగి తెలుసుకుని, అందరికీ అర్థమయ్యేలా రాశాడు, అంతే.