గురువులు లేని ఆగస్టు

1976 ఆగస్టులో పశ్చిమ మలేషియాలోని కథోలిక గుళ్ళలో పూజ చెప్పడానికి గురువులు లేరు. వాళ్ళకి జబ్బులు రాలేదు, ప్రభుత్వమూ పట్టుకుపోలేదు. కౌలాలంపూర్, పెనాంగ్, మలక్కా-జొహోర్ మేత్రాసనాల ముగ్గురు బిషప్పులూ, వాళ్ళ గురువులూ తమ విచారణల్ని మామూలు విశ్వాసుల చేతిలో పెట్టి, ఒక్కచోట కూర్చోవడానికి వెళ్ళిపోయారు. మనం ఈ దేశంలో ఎందుకున్నాం, ఇకముందు ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి నెల రోజులు కేటాయించారు. ఆ నెలలో ఆదివారాలు వాక్యం చదివిందీ, ప్రార్థన నడిపిందీ అప్పటిదాకా బల్లల మీద కూర్చుని విన్నవాళ్ళే.

ఆ సమావేశానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘అజ్జోర్నమెంతో’. ఇటాలియన్ మాట. కాలానికి తగ్గట్టు తనని తాను సరిదిద్దుకోవడం అని అర్థం. రెండవ వాటికన్ మహాసభ (1962-65) రోజుల్లో ఇరవైమూడవ జాన్ పోపు వాడగా ప్రపంచమంతా తెలిసింది. మిగతా దేశాల్లో అది ఒక ఆలోచనకి పేరు. మలేషియాలో మాత్రం ఒక తేదీకి పేరు. అక్కడి పాత విశ్వాసులు మాట్లాడుకునేటప్పుడు ‘అజ్జోర్నమెంతోకి ముందు’, ‘తర్వాత’ అని కాలాన్ని రెండుగా కోస్తారు.

ఈ కథలో చెప్పుకోదగ్గ తెలుగు పేరు ఒక్కటీ రాదు. మలేషియా తెలుగువాళ్ళలో అత్యధికులు రామమందిరాలు కట్టుకున్నవాళ్ళు, క్రైస్తవులు బహు కొద్దిమంది. అయినా దీన్ని తెలుగులో రాయడానికి కారణం ఉంది. పరాయిదేశంలో మూడు నాలుగు తరాలు గడిచాక, తెచ్చుకున్న భాష పిల్లల నోట్లో పలచబడ్డాక, ఒక సంఘం తన పనేమిటో మళ్ళీ వెతుక్కోవలసి వస్తుంది. 1955 నుంచీ నడుస్తున్న అక్కడి ఆంధ్ర సంఘానికీ (ఇప్పుడు తెలుగు సంఘం), అమెరికాలో మనం పెట్టుకున్న సంఘాలకీ ఆ అవసరం ఉన్నదే. మన సభలకి శాలువలుంటాయి, సంచికలుంటాయి, భోజనాలు బాగానే ఉంటాయి. దుకాణం కట్టేసి నెల రోజులు ప్రశ్న వేసుకున్నవాళ్ళు మాత్రం నాకు తెలిసి వీళ్ళే.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. బ్రిటిషువాళ్ళ రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ దక్షిణ భారతం నుంచి కూలీలు వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది తమిళులు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన మనవాళ్ళు పేరాక్‌లోని బగాన్ దాతో వంటి చోట్ల గుంపులుగా స్థిరపడ్డారు. కూలీలని తెప్పించడానికి 1907లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన నిధికి పెట్టిన పేరు ‘తమిళ వలస నిధి’. అది ‘ఇండియన్’గా మారింది తర్వాత. అంటే సర్కారు కాయితాల్లో శ్రీకాకుళం మనిషి కూడా తమిళుడి ఖాతాలోనే ఓడ దిగాడన్నమాట. చర్చి లెక్కా అంతే. పారిస్ మిషన్ ఫ్రెంచి గురువులకి భారతీయులంటే తమిళులే. వాళ్ళు తమిళం నేర్చుకున్నారు, తమిళ గుళ్ళు కట్టారు. 1880లలో ఫాదర్ రెనే ఫే అనే ఆయన పేరాక్‌లో బగాన్ సెరాయ్ దగ్గర తమిళ కథోలికుల కోసం ఏకంగా ఒక ఊరే కట్టించాడు. దాన్ని సూసైపాళయం అంటారు. సూసై అంటే తమిళంలో జోసెఫ్. ఫే తర్వాత మలక్కా బిషప్పు అయ్యాడు.

చీనావాళ్ళకి చీనా గుళ్ళు, తమిళులకి తమిళ గుళ్ళు, యురేషియన్లకీ ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళకీ వేరే గుళ్ళు. కానీ పూజ మాత్రం అందరికీ లాటిన్‌లోనే. ఇందులో ఒక తమాషా ఉంది. ఎవరికీ అర్థం కాని భాష కాబట్టి ఎవరికీ పేచీ లేదు. వాటికన్ మహాసభ ఎవరి భాషలో వాళ్ళు పూజ చెప్పుకోవచ్చు అన్నాక అసలు సంగతి బయటపడింది. ఒకే గుడిలో ఇంగ్లీషు పూజ ఒక గంటకి, తమిళం ఒక గంటకి, మాండరిన్ ఇంకో గంటకి. మలయ్ భాషకి కూడా చోటు చూడాలి. మాతృభాషలో దేవుణ్ణి పిలిచే హక్కు రావడం మంచిదే. దానితోపాటే ఒక విచారణవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా వచ్చిపోయే వీలూ వచ్చింది. తెలుగు అప్పుడూ ఆ వరసలోకి రాలేదు. తెలుగు క్రైస్తవుడు తమిళ గంటకి వెళ్ళాడు, లేకపోతే ఇంగ్లీషు గంటకి.

1969 మే 13న కౌలాలంపూర్‌లో మలయ్‌లకీ చీనావాళ్ళకీ మధ్య గొడవలు చెలరేగాయి. ఆ ఏడాదే, పౌరసత్వం లేనివాళ్ళు పని చెయ్యాలంటే పర్మిటు ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. తోటల్లో పుట్టి పెరిగి, కాయితాలు తీసుకోవడం అవసరమని ఎవరూ చెప్పని కూలీల మీద అది పిడుగులా పడింది. దాదాపు 60,000 మంది భారతీయులు ఇండియాకి ఓడ ఎక్కారు. ఏ ఊరికి వెళుతున్నారో వాళ్ళలో చాలామందికి సరిగా తెలియదు.

అదే గాలి చర్చి మీదకీ వీచింది. విదేశీ మతగురువులు పదేళ్ళకి మించి దేశంలో ఉండకూడదన్నది ప్రభుత్వ విధానమైంది. ఫ్రెంచి గురువుల్లో ముసలివాళ్ళు మిగులుతారు, కొత్తవాళ్ళు రారు. స్థానికులైన గురువులు ఎంతోమంది లేరు. ఇంకోపక్క మిషన్ బడుల్లో ఇంగ్లీషు చదువు 1970 నుంచి ఒక్కొక్క తరగతే మలయ్‌లోకి మారుతోంది. చర్చికి పలుకుబడి ఇచ్చింది బడులు, నడిపింది విదేశీయులు, పట్టి ఉంచింది ఇంగ్లీషు. మూడూ ఒకే దశాబ్దంలో చేతిలోంచి జారుతున్నాయి. 1976 నాటి సమావేశాన్ని పై నుంచి వచ్చిన ఆత్మప్రేరణ అని విశ్వాసులు అంటారు. కావచ్చు. వీసా గడువు కూడా దానికి సాయం చేసిందని చరిత్ర చదివేవాడు అనుకోక తప్పదు.

అప్పటికి కౌలాలంపూర్ ఆర్చిబిషప్పు డొమినిక్ వెండార్గన్. సిలోనులో పుట్టిన తమిళుడు. పెనాంగ్‌కి గ్రెగరీ యాంగ్, మలక్కా-జొహోర్‌కి జేమ్స్ చాన్. ముగ్గురూ ఆసియావాళ్ళే. ఆ నెల చివర వాళ్ళు తేల్చుకున్నదాన్ని నాలుగు మాటల్లో చెప్పవచ్చు. చర్చి అంటే కట్టడమూ గురువూ అనే అలవాటు పోవాలి. ఇరుగుపొరుగు కుటుంబాలు చిన్న చిన్న సమాజాలుగా ఏర్పడాలి. విశ్వాసులకి శిక్షణ ఇవ్వాలి. ఇతర మతాలవాళ్ళతో మాటామంతీ ఉండాలి, బీదల బతుకు బాగుచెయ్యడం చర్చి పనే అని గుర్తించాలి. పైగా ఇందులో ముస్లింలని మతం మార్చే ఆలోచనకి తావు లేదు. వాళ్ళలో వేరే మతాల ప్రచారాన్ని అరికట్టే చట్టాలు రాష్ట్రాలు చేసుకోవచ్చని రాజ్యాంగం 11వ అధికరణం మొదటి నుంచీ చెబుతోంది. కాబట్టి ‘మిషన్’ అనే మాటకి మతమార్పిడి కాని అర్థం వెతుక్కోవడం వాళ్ళకి సిద్ధాంతం ఒక్కటే కాదు, అవసరం కూడా.

ఈ చిన్న సమాజాలని మొదట బేసిక్ క్రిస్టియన్ కమ్యూనిటీలు అన్నారు, ఇప్పుడు బి.ఇ.సి.లు అంటారు. ఒక పేటలోని ఇళ్ళవాళ్ళు వారానికో రెండు వారాలకో ఒకరి ఇంట్లో చేరతారు. సువార్తలో ఒక భాగం చదువుతారు. మనసుకి తగిలిన మాటని ఒక్కొక్కరే మళ్ళీ పైకి చదువుతారు. కాసేపు మౌనం. తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు, ఈ వారం మన వీధిలో చెయ్యవలసింది ఏమైనా ఉందా అని చూస్తారు. దక్షిణాఫ్రికాలోని లుంకో సంస్థ నుంచి ఆసియా అంతటా వ్యాపించిన ఏడు మెట్ల పద్ధతి ఇదే. గురువు రానక్కర్లేదు. పండితుడూ అక్కర్లేదు.

చదవడానికి ఇంత తేలికగా ఉందా, ఆచరణలో మొదటి మెట్టు మీదే ఒక ప్రశ్న కాచుకుని ఉంది. ఏ భాషలో చదవాలి? పేటని బట్టి గుంపు కడితే అందులో చీనా డాక్టరూ ఉంటాడు, తోట మూసేస్తే పట్నం చేరిన తమిళ కుటుంబమూ ఉంటుంది. అందరికీ తెలిసిన భాష ఇంగ్లీషు అంటారు. అందరికీ అంటే ఎవరికి? మౌనం అయ్యాక మనసులో మాట చెప్పమన్నప్పుడు, ఇంగ్లీషు రాని పెద్దావిడ ఏం చెబుతుంది? మౌనాన్నే పొడిగిస్తుంది. పోనీ భాషని బట్టి గుంపు కడదామంటే పొరుగిల్లు అన్న సూత్రం పోతుంది, మళ్ళీ చీనా గుడి, తమిళ గుడి. ఇరుగుపొరుగు ఐక్యత అన్నది ఇంగ్లీషు వచ్చిన మధ్యతరగతికి సులభంగా దొరికే ఐక్యత అని నా అభిప్రాయం. తమిళం మాట్లాడే బీదవాడికి దాని ఖరీదు ఎక్కువ. ఆ నెలలో కూర్చున్నవాళ్ళు చదువుకున్న గురువులు కాబట్టి ఈ ఖరీదు వాళ్ళకి పూర్తిగా కనబడి ఉండదు.

తెలుగువాళ్ళ చరిత్రలో దీనికి పోలిక ఉంది, మలేషియాలో కాదు, దక్షిణాఫ్రికాలో. 1903లో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యని తెలుగు బాప్టిస్టులే చందాలు వేసుకుని నటాల్‌లోని చెరుకు, తేయాకు తోటల తెలుగు కూలీల దగ్గరికి పంపారు. ఆ సంవత్సరాంతానికే కియర్స్‌నీలో సంఘం వెలిసింది. రంగయ్య 1915లో కన్నుమూశాడు. తెలుగు పాటలతో మొదలైన ఆ సంఘాలు దశాబ్దాల మీద ఇంగ్లీషుకి మారాయి. సంఘం బతికింది, భాష పోయింది. పిల్లలు భాషని వదిలినా గుడిని వదలకూడదని పెద్దలు కోరుకుంటే అది సరైన బేరమే. గుడికి పిల్లల్ని పంపిందే భాష కోసమైతే మాత్రం దివాలా.

మలేషియా తమిళులు ఇంత దూరం రాలేదు. వాళ్ళకి ప్రభుత్వ సాయంతో నడిచే తమిళ ప్రాథమిక పాఠశాలలు 500కి పైగా ఉన్నాయి. మనవాళ్ళకి తోటల్లో ఒకప్పుడు ఉన్న తెలుగు బడి ఒక్కటీ మిగల్లేదు. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగిన సంగతి ఇక్కడ గుర్తుకొస్తే కొంచెం కష్టంగానే ఉంటుంది.

బీదల బతుకు చర్చి పనే అన్న తీర్మానం కాయితం మీద ఉండిపోలేదు. చర్చి మానవాభివృద్ధి కార్యాలయాన్ని నడిపిన లా సాల్ బ్రదర్ ఆంథొనీ రోజర్స్‌ని 1987 అక్టోబరులో, ‘ఆపరేషన్ లాలాంగ్’లో, విచారణ లేకుండా నిర్బంధించారు. ఆ విడత పట్టుకున్న వందమందికి పైగా మనుషుల్లో ప్రతిపక్ష నాయకులున్నారు, చీనా విద్యావేత్తలున్నారు. పదకొండేళ్ళ కిందట ప్రార్థనలతో మొదలైన ఆత్మపరిశీలన ఒక మనిషిని జైలుదాకా తీసుకెళ్ళిందంటే, ఆ నెలలో మాటలు ఊరికే అనుకోలేదని అర్థం.

1986 నుంచి పదేళ్ళకోసారి మహాసభ పెట్టుకుని పాత ప్రశ్నని మళ్ళీ తిరగేస్తున్నారు. 1996, 2006, 2016 లలో జరిగాయి. ఇప్పుడు గురువులతోపాటు గృహస్థులూ కూర్చుంటారు. అజ్జోర్నమెంతో తరం గురువుల్లో పేరున్న ఆంథొనీ సోటర్ ఫెర్నాండెజ్ కెడాలోని సుంగై పెటానిలో పుట్టినవాడు. పెనాంగ్ బిషప్పుగా, 1983 నుంచి 2003 దాకా కౌలాలంపూర్ ఆర్చిబిషప్పుగా ఈ చిన్న సమాజాలకి నీరు పోశాడు. 2016లో మలేషియా మొదటి కార్డినల్ అయ్యాడు. 2020లో పోయాడు.

ఈలోగా తోటలే మారిపోయాయి. రబ్బరు చెట్లు కొట్టి పామాయిలు వేశారు, పట్నాలకి దగ్గరున్నవి ఇళ్ళ స్థలాలయ్యాయి. కూలీల లైన్లు ఖాళీ అయినచోట గుడికి వచ్చేవాళ్ళెవరు? 2010 జనాభా లెక్కల్లో మలేషియా భారతీయుల్లో క్రైస్తవులు నూటికి ఆరుగురు. వాళ్ళ పిల్లలు బడిలో మలయ్, ఇంట్లో తమిళమో ఇంగ్లీషో. ఇక మలయ్‌లో ప్రార్థించడం కూడా సులభం కాలేదు. మలయ్ భాషలో దేవుడికి క్రైస్తవులు ఎప్పటి నుంచో వాడుతున్న ‘అల్లా’ అన్న పదాన్ని కథోలిక పత్రిక హెరాల్డ్ వాడకూడదని 2007లో ప్రభుత్వం ఆపింది. చర్చి కోర్టుకెళ్ళి 2009లో గెలిచింది, 2013లో అప్పీలులో ఓడింది, 2014లో ఫెడరల్ కోర్టు తలుపు కూడా మూసుకుంది.

2026 మహాసభని సబా, సారవాక్‌లతో కలిపి దేశమంతటికీ ఒక్కటిగా తలపెట్టారు. మలేషియా క్రైస్తవుల్లో ఎక్కువమంది ఉన్నది ఆ రెండు రాష్ట్రాల్లోనే. కడజాన్, ఇబాన్ వంటి ఆదివాసి భాషలవాళ్ళు అక్కడ కలిసినప్పుడు మాట్లాడేది మలయ్. 1976లో గది మొత్తానికి ఇంగ్లీషు సరిపోయింది. ఇప్పుడు సరిపోదు. సూసైపాళయం మనవలు, మునిమనవలు ఆ సభలో కూర్చుంటే, చెవికి పెట్టుకునే తర్జుమాలో తమిళానికి ఒక మీట ఉంటుందో లేదో చూడాలి.