పేరు ప్యారిస్‌కు, గేరు హోసూరులో

తమిళనాడులోని తీర్థమలై కొండ కింద కారు దిగితే మెట్లదారి మొదలవుతుంది. పైన తీర్థగిరీశ్వరుడు. రాముడు బాణం వేసి నీళ్లు పుట్టించాడని చెప్పే రామతీర్థం, దానికి తోడు కుమార, గౌరి, అగస్త్య, అగ్ని తీర్థాలు. 1980ల్లో అరూరు నుంచో ధర్మపురి నుంచో కుటుంబమంతా మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరితే బాడుగకు దొరికేది చాలావరకు అంబాసిడరే. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో పొంగలి గిన్నెలు. ఈ కారు ఏ దేశానిదని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే నవ్వేసేవారు. మనది కాక ఇంకెవరిది?

కాగితాలు మాత్రం వేరే కథ చెబుతాయి.

బి.ఎం. బిర్లా 1942లో హిందుస్థాన్ మోటార్స్ పెట్టారు. గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర మొదలైన పని 1948లో కలకత్తా పక్కన ఉత్తరపారాకు మారింది. అక్కడ తయారైన ‘హిందుస్థాన్ 10’ అసలుకు ఇంగ్లండు మోరిస్ 10. తర్వాతి ల్యాండ్‌మాస్టర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డే. 1956లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ మూసలు, హక్కులు తెచ్చుకుని 1957-58 నాటికి దానికి పెట్టుకున్న పేరే అంబాసిడర్. పుట్టింట్లో ఆ మోడల్ 1959లోనే మూలపడింది. మెట్టింట్లో 2014 దాకా కాపురం చేసింది.

అది ‘మనది’ కావడానికి దేశభక్తి కంటే లైసెన్సు విధానమే ఎక్కువ పనిచేసింది. దిగుమతులకు అడ్డుకట్ట పడ్డాక సామాన్యుడి ముందు మిగిలినవి ప్రధానంగా మూడే: అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. వచ్చాక దాన్ని బతికించుకోవాలి. ఊరి మెకానిక్కు సుత్తితో, స్పానరుతో దాన్ని విప్పి బిగించగలిగేవాడు. బ్రిటిష్ ఇంజిన్ పోయి జపాన్ ఇసుజు ఇంజిన్ వచ్చినా బండి ఆకారం మారలేదు కాబట్టి జనం పట్టించుకోలేదు. మంత్రిగారి తెల్లకారు, పైన ఎర్రబుగ్గ, కలకత్తాలో పసుపు టాక్సీ... మనుషుల కళ్లలో కారు జాతీయత అలా ఖరారైంది.

మద్రాసు స్టాండర్డ్‌ది ఇంకో చిత్రం. వండలూరు దగ్గరి పెరుంగళత్తూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్. స్టాండర్డ్ అన్న పేరుకు 1963లోనే బ్రిటన్‌లో కార్ల మీద చోటు పోయింది. మద్రాసులో మాత్రం గెజెల్, స్టాండర్డ్ 2000 కార్ల మీద 1980ల చివరిదాకా మెరిసింది.

1983లో మారుతి రావడంతో అంబాసిడర్ ఆధిపత్యానికి గండి పడింది. 80వ దశకం నడుమ ఏడాదికి 24 వేల దాకా అమ్ముడైన బండి, ఇరవై ఏళ్లకు ఆరు వేల లోపుకు పడిపోయింది. 2001 పార్లమెంటు దాడి తర్వాత ప్రధాని వాజ్‌పేయీ వాహనశ్రేణిలోకి బి.ఎం.డబ్ల్యూ వచ్చింది. 2013లో బి.బి.సి. ‘టాప్ గేర్’ అంబాసిడర్‌ను ప్రపంచంలోకెల్లా మేటి టాక్సీగా ఎంచింది. మరుసటి ఏడాది మే 24న ఉత్తరపారా గేటు మూతపడింది. మెచ్చుకోలు మన దేశంలో తరచూ చావు ముందే వస్తుంది.

2017 ఫిబ్రవరిలో అంబాసిడర్ పేరునూ ట్రేడ్‌మార్కులనూ ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కొనుక్కుంది. ధర 80 కోట్లు. ఫ్యాక్టరీ కాదు, అచ్చులు కాదు, వట్టి పేరు. ఆ డబ్బుతో ఉద్యోగుల, అప్పులవాళ్ల బాకీలు తీరుస్తామని హిందుస్థాన్ మోటార్స్ చెప్పింది. 2021 జనవరిలో ప్యూజో మాతృసంస్థ ఫియట్ క్రైస్లర్‌తో కలిసి స్టెలాంటిస్ అయింది. దాని అధికారిక చిరునామా నెదర్లాండ్స్‌లో. అంటే అంబాసిడర్, దాని పాత పోటీదారు ఫియట్ ఇప్పుడు ఒకే ఇంటి పెట్టెలో ఉన్నాయి!

పుట్టింటి ఆస్తి కూడా ముక్కలైంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీలో మోరిస్ కార్లు తయారైన చోట ఇవాళ జర్మనీ బి.ఎం.డబ్ల్యూ మినీ కార్లు చేస్తోంది. మోరిస్ గరాజెస్ పొడి అక్షరాలైన ఎం.జి. చైనా సైక్ చేతికి చేరింది. అదే ఎం.జి. ఇప్పుడు జె.ఎస్.డబ్ల్యూ.తో కలిసి గుజరాత్‌లోని హలోల్‌లో కార్లు చేస్తోంది. ఓఖాలో తొలి కార్లు బిగించిన రాష్ట్రానికే మోరిస్ పేరు పొడి అక్షరాల్లో చైనా దారిన తిరిగొచ్చింది.

తీర్థమలై వైపు కథ ఇంకా మిగిలే ఉంది. ప్యూజో వాళ్లు 2017లోనే సి.కె. బిర్లా వర్గంతో చేతులు కలిపారు. ఒకప్పుడు మిత్సుబిషి లాన్సర్లు బిగించిన తిరువళ్లూరు ప్లాంటులో ప్యూజో తోబుట్టువు సిట్రోయెన్ కార్లు మొదలయ్యాయి. వాటి ఇంజిన్లు, గేర్‌బాక్సులు బిర్లాల అవ్‌టెక్‌తో కలిసి పెట్టిన హోసూరు ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. హోసూరంటే తెలుగు, కన్నడం, తమిళం ఒకే బజారులో వినిపించే ఊరు. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడేవరకూ అదీ తీర్థమలైలాగే ధర్మపురి జిల్లాలోదే. సిట్రోయెన్ సి3లో 90 శాతానికి పైగా విడిభాగాలు ఇక్కడివేనని కంపెనీ చెప్పుకుంది.

ఇవాళ ఆ సి3 ఒకటి వచ్చి తీర్థమలై మెట్ల దగ్గర ఆగితే, కొబ్బరికాయలమ్మే ముసలమ్మ దాన్ని ఫారిన్ కారనే అంటుంది. పక్కన పాత అంబాసిడర్ ఉంటే మాత్రం, అది మన బండేనంటుంది.