డమాస్కస్ కత్తి.. ఆ అలల గీతల వెనుక మన కోనసముద్రం ఉక్కు!

కిచెన్ కత్తి కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే చాలు.. నీటి అలల్లాంటి గీతలున్న 'డమాస్కస్' కత్తులు వరుసగా కనిపిస్తాయి. పేరు సిరియా నగరానిది. కానీ ఆ పేరుకు ప్రాణం పోసిన ఉక్కుకు తెలుగు నేలతో సంబంధం ఉంది.

మన ఉక్కే.. 'వూట్జ్'!

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు ఉక్కు తయారీకి పెట్టింది పేరు. ఇక్కడి ఉక్కు దిమ్మల కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. 1832లో అచ్చయిన హెన్రీ వాయిసీ కథనంలోనూ ఈ ఊరి కొలుముల ప్రస్తావన ఉంది. తెలుగు, కన్నడ భాషల్లోని 'ఉక్కు' మాటే ఇంగ్లిష్‌లో 'వూట్జ్'గా మారిందని చెబుతారు.

గీతలు ఎలా వచ్చేవంటే..

ఇనుమును బొగ్గు లాంటి పదార్థాలతో కలిపి మట్టి మూసల్లో పెట్టి, మూతికి మట్టి మెత్తి, గంటల తరబడి కాల్చేవారు. దాంతో ఉక్కులో కార్బన్ దాదాపు 1.5 శాతానికి చేరేది. నెమ్మదిగా చల్లారిన దిమ్మను తక్కువ వేడిలో సాగగొడితే గట్టి కార్బైడ్ రేణువులు వరుసలు కట్టేవి. ఆమ్లం పూస్తే అవే తెల్లటి గీతలుగా తేలేవి. ఇందులో వనేడియం లాంటి మూలకాల పాత్ర కూడా ఉందని 1990ల్లో అమెరికా పరిశోధకులు వెర్‌హోవెన్, పెండ్రే తేల్చారు. 19వ శతాబ్దంలో చౌక ఫ్యాక్టరీ ఉక్కు రావడంతో ఈ విద్య మరుగున పడిపోయింది.

మరి ఇప్పుడు అమ్ముతున్నవి?

ఇప్పటి డమాస్కస్ కత్తుల్లో ఎక్కువ శాతం వేరే రకం. రెండు రకాల ఉక్కు పొరలను కాల్చి, సుత్తి దెబ్బలతో అతికించి, మడతలు పెడతారు. ఆమ్లంలో ముంచితే నికెల్ ఉన్న పొర మెరుస్తుంది, మిగతాది నల్లబడుతుంది. 1973లో అమెరికా కమ్మరి బిల్ మోరన్ ఇలాంటి కత్తులు ప్రదర్శించాక వీటికి మళ్లీ క్రేజ్ వచ్చింది. ఏ రెండు కత్తుల గీతలూ అచ్చం ఒకేలా ఉండవు. అదే వీటి అందం.

కొనేముందు ఇది తెలుసుకోండి

గీతలు ఉన్నంత మాత్రాన పదును ఉన్నట్టు కాదు. పదును నిలిచేది అంచులో వాడిన ఉక్కు, దానికిచ్చిన పదును నీటిని బట్టే. కొన్నింటిపై గీతలు లేజర్‌తో గీసినవే. అలాంటివి అరగదీస్తే పోతాయి. అసలు గీతలు మాత్రం పైపైన అరిగినా.. మళ్లీ ఆమ్లం పూస్తే తిరిగొస్తాయి!