పలువురు కలసి వ్రాయు గ్రంథము

విజ్ఞాన సర్వస్వ మొక్కని చేతిమీద పూర్తియగు పని కాదు. ఆంధ్రు లీ సంగతి నెఱుగుదురు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ మున్నగు విద్వాంసుల తోడ్పాటుతో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ప్రారంభించిరి. మూడు సంపుటములు వెలువడినవి. 1923లో వారు దివంగతులగునాటికి గ్రంథ మింకను అకారమును దాటలేదు. లోపము సంకల్పములో లేదు. మహాభారము కొలదిమంది భుజములపై బడినది.

ఈ చిక్కునకు పరిష్కారము చాలకాలమునకు అమెరికాలో లభించినది. 1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ అను కంప్యూటర్ నిపుణుడు, చదువరియే దిద్దగల పుటలను ఇంటర్నెట్టుపై నెలకొల్పెను. హవాయి భాషలో ‘వికీ’ యనగా శీఘ్రమని యర్థము. 2000లో ఆరంభమైన న్యూపీడియా యను విజ్ఞానకోశము పండితపరీక్షలో ఏడు మెట్లెక్కిన వ్యాసములనే ప్రకటించెడిది. కనుక దాని నడక నత్తనడక యయ్యెను. దానికి సాయముగా జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ 2001 జనవరి 15న వికీపీడియాను తెరచిరి. తోడుగా వచ్చినది మూలమునే మించిపోయెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు జన్మించినది.

విద్యాబోధనలో దీని యుపయోగమేమి? సచివాలయోద్యోగులకు ఫైలు నుదాహరించిన చాలును. ఫైలులో ప్రతి నోటు క్రిందను సంతకము, తేదీ యుండును. పై యధికారి భేదించినను క్రింది నోటు చెరిగిపోదు. వికీపుటకును ఇట్టి చరిత్ర కలదు. ఏ మాట నెవరు, ఎప్పుడు చేర్చిరో ఉపాధ్యాయుడు చూడగలడు. అభిప్రాయభేదములకు వేఱుగా చర్చాపుట యున్నది. అయితే ఫైలులో హోదా గెలుచును. ఇచ్చట ఆధారము గెలువవలెను.

ఈ పద్ధతి యెల్లెడల సుఖముగా సాగలేదు. 2011లో పుణె కళాశాలలలో విద్యార్థులచే ఇంగ్లీషు వికీపీడియాకు వ్యాసములు వ్రాయించు ప్రయోగ మారంభమైనది. పెక్కురు పుస్తకములనుండియు, ఇతర పుటలనుండియు వాక్యములను యథాతథముగా ఎత్తి వ్రాసిరి. వానిని తొలగించుట స్వచ్ఛంద సంపాదకులకు పెనుభారమయ్యెను. ఆ సంవత్సరముననే ప్రయోగము నిలిచిపోయినది. పరికర మొసగిన చాలదు. చదివినదానిని సొంతమాటలలో చెప్పుట, మూలమును పేర్కొనుట ముందుగా నేర్పవలెనని ఆ యనుభవము చాటుచున్నది.

బదిలీలతో ఊరూరు తిరుగు ఉద్యోగుల బిడ్డలలో తెలుగు మాటాడువారు కలరు, వ్రాయువారు అరుదు. అట్టివారిచే తమ స్వగ్రామమును గూర్చియో, తాము నివసించు నగరమును గూర్చియో, గ్రంథాధారములతో నాలుగు వాక్యములు తెలుగున వ్రాయింపుడు. తప్పున్నచో ఎన్నడు చూడని తెలుగువా డొకడు దిద్దును. దిద్దినది చూచి బిడ్డ నేర్చుకొనును. అకారము కడ నాగిన పని కొక పుట చేర్చు భాగ్యము నేడు బాలురకును లభించినది.