బస్తరు సంతలో నాలుగు దొప్పలు

ఛత్తీస్‌గఢ చరిత్రను గ్రంథములనుండి నేర్వదలచినవారు రతన్‌పురపు కలచురులతో ప్రారంభించి, 1741లో దండెత్తి వచ్చిన నాగపుర భోంసలేల సేనను, 1854లో ఆ రాజ్యమును కలుపుకొన్న ఇంగ్లీషువారిని దాటి, 2000 నవంబరు 1న ఏర్పడిన రాష్ట్రమువరకు వత్తురు. రాయపూరులోని శంకర్ నగర్‌లో స్థిరపడిన నేను మాత్రము, ఈ నేల చరిత్రలో నాకు మిక్కిలి ఆత్మీయమైన అధ్యాయమును, బస్తరు సంతలలో స్త్రీలు ఆకుదొప్పలలో పోసి అమ్ము చౌక పానీయములను ఒకదానితో నొకటి పోల్చి రుచిచూచుచు తెలిసికొంటిని.

బియ్యముతో పులియబెట్టు లాందా చిక్కగా, పుల్లగా ఉండి కడుపు నింపును; పొలమునకు పోవువానికి అది సగము భోజనము. ఛింద్ రసము మన ఈతకల్లే కనుక దానిని గూర్చి తెలుగువారికి చెప్పవలసినది లేదు.

మహువా అనగా మన ఇప్పసారా. వేసవి తొలినాళ్లలో తెల్లవారుజామున రాలు పూలను ఏరి, ఎండబెట్టి, నానవేసి, పులిసినపిదప కుండలలో కాచి దించు ఈ సారాయి మంచిదైనచో, ముందు నాలుకకు ఘాటు తగిలినను, తరువాత పువ్వు పరిమళము కంఠమున చాలసేపు నిలుచును. తొందరపడి దించినదానిలో పొగవాసన తప్ప వేరేమియు మిగులదు. ప్రక్కప్రక్కన కూర్చుండిన ఇద్దరు స్త్రీల సారాయిలకు నడుమ ఇంత భేదముండుట చూచి, చేతి నేర్పు ఎంతటిదో గ్రహించితిని.

సల్ఫీ మన రంప కొండలలోని జీలుగుకల్లు. చెట్టునుండి దించిన వేళ తియ్యగా, చల్లగా నుండి, ప్రొద్దెక్కినకొలది పులిసి మత్తెక్కును. కావున ఒక్క చెట్టే వేళకొక రుచి నిచ్చుచున్నది. గీతకు వచ్చిన సల్ఫీ చెట్టున్న ఇల్లు అక్కడ కలిగినవారి ఇల్లు. కూతురికి చెట్టును కానుకగా నిచ్చుటయు కలదు.

పెండ్లికైనను చావునకైనను తొలిచుక్కలను పూర్వులకై నేలపై వదలి గాని త్రాగని ఈ జనులకు, ఇంట సారా దించుట నేరమని రాజశాసనము చెప్పినప్పుడు కలిగిన క్షోభ, అడవులను రిజర్వు చేయుటచేతను వెట్టిచాకిరిచేతను పుట్టిన ఆగ్రహముతో కలిసి, 1910 ఫిబ్రవరిలో నేతానారు గ్రామవాసియైన గుండాధూరు నాయకత్వమున తిరుగుబాటుగా ప్రజ్వరిల్లినది. తెలుగు పాఠకునకు ఇది క్రొత్త కథ కాదు. ఇంటి అవసరమునకు కల్లు గీచుకొను హక్కును తీసి గుత్తేదారుల కప్పగించినందుననే కదా, కల్లుపై వేసిన చిగురుపన్ను బాధయు తోడై, 1879లో రంప మన్యము రగిలినది! ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు వచ్చి బస్తరు రాజవంశమును స్థాపించెనని ఆ వంశచరిత్రలు చెప్పుచున్నవి. అయినను నా దృష్టిలో రాజుల చుట్టరికముకంటె ఈ రెండు కొండజాతుల దుఃఖములోని చుట్టరికమే దగ్గరిది.

మద్యమును నిరసించిన మహనీయుడును ఈ నేలవాడే. 1756లో గిరౌద్‌పురిలో జన్మించిన గురు ఘాసీదాసు తన సత్‌నామీ శిష్యులకు మద్యమును విసర్జింపుమని బోధించెను. ఆయన జయంతియైన డిసెంబరు 18 నేడు రాష్ట్రమున సెలవుదినము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిన వృత్తాంతము నెరిగిన నేను ఆ బోధను తేలికగా తీసికొనజాలను. ఐనను రంపలో కల్లుకొరకు, దూబగుంటలో సారాపై, పేదలు పోరాడిన రెండు వేళలను గుత్తేదారుడు ఎదుటనే నిలిచియుండెననుట మరువరాదు.

రుచి విషయమున నా తీర్పు నిశ్చితము: ప్రొద్దెక్కకముందరి సల్ఫీకి ప్రథమస్థానము, నేర్పరి చేతి ఇప్పసారాకు ద్వితీయస్థానము, లాందాకు తృతీయస్థానము. బస్తరులోని జగదల్పూరు వచ్చు తెలుగువారు సంతకు ఉదయముననే పోవలెను. మధ్యాహ్నము పోయినవారికి పులిసిన సల్ఫీయే దొరకును.