పైకప్పుపై సూర్యుడు.. ఇంట్లో చీకటి

కరెంటు పోతే సౌర విద్యుత్తూ ఆగుతుంది. ఫలకాలు బిగించే ముందే తెలుసుకోవలసిన సంగతులు

కపిలేశ్వరపురం: డాబాపై సౌర ఫలకాలు ఉన్నాయి. నడినెత్తిన ఎండ కాస్తోంది. అయినా వీధిలో కరెంటు పోయిన మరుక్షణం ఇంట్లో ఫ్యాను ఆగిపోతుంది. ఇంత ఖర్చుపెట్టి బిగించుకున్నది ఇందుకేనా అని గృహస్థులు నిట్టూరుస్తున్నారు. ఫలకాలు పాడయ్యాయని, బిగించినవారు మోసగించారని అనుమానించడమూ కద్దు. నిజానికి ఆ యంత్రం తాను చేయవలసిన పనే చేసింది. ఆ పనేమిటో ముందుగా తెలియకపోవడమే అసలు చిక్కు.

గోదారి గట్టున తప్పని కష్టం

గౌతమి ఒడ్డున ఉన్న కపిలేశ్వరపురం ప్రాంతానికి తుపానులు, వరదలు కొత్త కాదు. 1996 నవంబరు 6 నాటి పెనుతుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లతోపాటు విద్యుత్తు స్తంభాలూ నేలకొరిగాయి. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద వరద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. ఇలాంటి వేళల్లో కేదార్లంక, వీధివారిలంక వంటి లంక గ్రామాల వారికి సెల్‌ఫోను చార్జింగు కూడా ప్రాణావసరమే. పడవ కోసం కబురు చేయాలన్నా, వైద్యుణ్ని పిలవాలన్నా అదే ఆధారం. సౌర విద్యుత్తు అక్కరకు రావలసింది సరిగ్గా అప్పుడే.

ఎందుకు ఆగుతుంది?

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఇళ్లపై ఎక్కువగా అమరుస్తున్నది గ్రిడ్‌కు అనుసంధానమైన పద్ధతి. ఈ పథకంలో ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండింటికి రూ.60 వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన రూ.78 వేలు రాయితీగా నిర్ణయించారు. ఫలకాలు ఇచ్చే విద్యుత్తును ఇన్వర్టరు ఇంటి అవసరాలకు అనువుగా మారుస్తుంది. ఇంటికి పోగా మిగిలినది వీధి తీగలోకి వెళుతుంది. వచ్చినదీ, పోయినదీ నెట్ మీటరు లెక్కగడుతుంది.

ఈ ఇన్వర్టరు వీధి తీగలోని విద్యుత్తును ఆధారం చేసుకునే నడుస్తుంది. ఆ ఆధారం పోతే రెండు సెకన్లలోపే తనంతట తాను ఆగిపోవాలన్నది నిబంధన. దీని వెనుక ఒక నిండు ప్రాణం ఉంది. సరఫరా నిలిపి స్తంభమెక్కిన లైన్‌మన్ ఆ తీగ చచ్చినదనే నమ్ముతాడు. అదే సమయంలో ఏదో ఒక ఇంటి నుంచి విద్యుత్తు వెనక్కి పారితే ట్రాన్స్‌ఫార్మరు తిరుగుదారిలో పనిచేసి, దాన్ని 11 వేల వోల్టులకు పెంచుతుంది. మార్పిడి స్విచ్ లేకుండా జనరేటరు నడిపే ఇళ్ల నుంచీ ఇదే ముప్పు పొంచి ఉంటుంది.

వెలుగు నిలవాలంటే

కరెంటు లేనప్పుడూ దీపం వెలగాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. సరఫరా పోగానే ఇది ఇంటిని వీధి తీగ నుంచి వేరుచేసి, ఎంపిక చేసిన దీపాలకు, ఫ్యాన్లకు మాత్రమే విద్యుత్తు ఇస్తుంది. పగలు ఫలకాలు బ్యాటరీని నింపుతాయి. బ్యాటరీకి వేరుగా రాయితీ లేదు కనుక ఆ ఖర్చు గృహస్థుడిదే.

అంత స్తోమత లేనివారు ఇంట్లో ఇదివరకే ఉన్న మామూలు ఇన్వర్టరు బ్యాటరీకి ఒక చిన్న ఫలకాన్ని, చార్జ్ కంట్రోలరును విడిగా కలిపించుకోవచ్చు. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. మామూలు ఇన్వర్టరు తీగను గ్రిడ్ ఇన్వర్టరుకు ఎంతమాత్రం కలపరాదు.

ఎంతసేపు వస్తుందన్నది చిన్న లెక్క. 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. లెడ్ యాసిడ్ రకం ఎక్కువకాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. 9 వాట్ల బల్బులు నాలుగు, 75 వాట్ల ఫ్యాన్లు రెండు నడిపితే సుమారు నాలుగు గంటలు వస్తుంది. ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకమైతే ఎనిమిది గంటల వరకు సరిపోతుంది. నీటి మోటారును ఈ లెక్కలో చేర్చకపోవడమే మేలు.

కొబ్బరి నీడ, తుపాను గాలి

ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. అయితే ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లున్న చోట ఈ లెక్క తప్పుతుంది. ఫలకంలోని ఘటాలు గొలుసుకట్టుగా ఉంటాయి. ఒక మట్ట నీడ కొన్నింటిపై పడినా ఆ వరుస మొత్తం దిగుబడి తగ్గుతుంది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం మూడు వరకు నీడ ఎక్కడెక్కడ పడుతున్నదో గమనించాకే చోటు నిర్ణయించాలి. కాయలు, మట్టలు రాలిపడే చోటును విడిచిపెట్టాలి.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. విశాఖపట్నం, విజయవాడలలో కట్టడాలకు భారతీయ ప్రమాణాలు నిర్దేశించిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తీరానికి చేరువలోని మన ప్రాంతంలో పునాది దిమ్మెలు, బోల్టులు అంతకు తగ్గకుండా ఉండాలని పట్టుబట్టాలి. ఊడిన ఫలకం పక్కింటివారికీ ప్రమాదమే. లంక గ్రామాల్లో బ్యాటరీని, ఇన్వర్టరును వరద మట్టానికి పైన, వీలైతే మేడమీద గదిలో ఉంచుకోవాలి.

వీధిలోనూ ఇదే పాఠం

స్తంభానికో ఫలకం, బ్యాటరీ ఉన్న సౌర వీధిదీపం గ్రిడ్‌తో పనిలేకుండా వెలుగుతుంది. ఊరంతా చీకటైనా రేవు దారిలో, గట్టు మలుపులో అలాంటి దీపం ఒక్కటున్నా తెగిపడిన తీగ కంటబడుతుంది. కానీ కొన్నేళ్లకు బ్యాటరీ నీరసిస్తుంది. దీపం పెట్టిన నాటి ఉత్సాహం బ్యాటరీ మార్చే నాడూ ఉండాలి. వీధిదీపాల నిర్వహణ పంచాయతీ విధి గనుక గ్రామసభలో ఈ విషయం అడిగే హక్కు ప్రజలకుంది.

సంతకానికి ముందు అడగండి

* కరెంటు పోయినప్పుడు ఏయే దీపాలు, ఫ్యాన్లు పనిచేస్తాయి? ఎన్ని గంటలు?
* ఇన్వర్టరు గ్రిడ్ రకమా, హైబ్రిడ్ రకమా? బ్యాటరీ ధర అంచనాలో కలిసిందా?
* ఫలకాలకు, ఇన్వర్టరుకు, బ్యాటరీకి హామీ విడివిడిగా ఎన్నేళ్లు?
* దిమ్మెలు ఎంత గాలివేగానికి తగినట్లు కట్టారు?

జవాబులు కాగితంపై రాయించుకోవాలి. బిల్లు తగ్గడమొక్కటే కోరేవారికి గ్రిడ్ పద్ధతి చాలు. తుపాను రాత్రి కూడా దీపం కావాలనుకునేవారు బ్యాటరీ ఖర్చుకు ముందే సిద్ధపడాలి. తీగ తెగిపడితే దగ్గరకు వెళ్లకుండా, ఇతరులను వెళ్లనీయకుండా 1912 నంబరుకు ఫోను చేయాలి.